సాంబ్రాణి చెట్టుకు పరీక్ష

"కత్తి ఇటివ్వండి," అన్నాడు శాస్త్రవేత్త. "చిన్న గాటు చాలు. తెల్లని పాలు కారి పరిమళిస్తే ఇది అసలైన సాంబ్రాణి చెట్టు. కారకపోతే ఇన్నాళ్ళూ మీరంతా మరేదో చెట్టుకు కాపలా కాశారన్నమాట."

తోటమాలి తొట్టికి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. ప్రపంచం మొత్తం మీద వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే మిగిలిన జాతి అది. దానికోసమే ఈ అద్దాల గది కట్టించారు. దాన్ని కంటికి రెప్పలా చూసుకోవడానికే అతనికి ఉద్యోగమిచ్చారు, తోట వెనుక రెండు గదుల ఇల్లూ ఇచ్చారు. తొట్టిలో ఉన్నది ఆ చెట్టు కాదన్న సంగతిని అతడు భార్యకు తప్ప మరొకరికి చెప్పలేదు. ఆ ఇల్లాలు ఇప్పుడు గది మూలన రాలిన ఆకులు ఊడుస్తోంది.

"మేడమ్," అన్నాడతడు తోట అధికారిణితో, "ఇప్పుడు గాటు పెడితే చెట్టు బెంగపెట్టుకుంటుందండి. వచ్చే ఏడు చూద్దాం."

"పోయిన ఏడూ ఇదే మాటన్నావు," అని నవ్విందావిడ. "సూది పిల్లాడికైతే తల్లి ముందే ఏడ్చినట్టుంది నీ వరస."

శాస్త్రవేత్త కళ్ళద్దాలు సవరించుకుని, కాగితపు పొరలా లేచిన బెరడును గోటితో మెల్లగా ఒలుస్తున్నాడు. తోటమాలి మెల్లగా తన భార్య పక్కకు జరిగాడు.

"చెప్పేస్తానే," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏమని?"

"ఎండాకాలంలో చెట్టు ఎండిపోతే పారేశానని. ఎవరి కంటా పడకుండా గుట్టమీంచి ఇలాంటిదే ఇంకోటి తెచ్చి పాతానని."

"నోరు మూసుకుని నిలబడవయ్యా. కోసేవాడు కోస్తాడు, కారేది కారుతుంది."

"కారడానికి ఏముంది, నా తలకాయ? గీకితే నీళ్ళు కూడా రావు దానికి."

"అన్నీ నీకే తెలుసు మరి," అని ఆమె చీపురు తిరగేసి నేలకు తట్టింది.

దాచిన పాపం పాతిన విత్తనం వంటిది. పైన మట్టి ఎంత కప్పితే లోపల వేరు అంత దిగుతుంది. ఆ వేరు ఎంత లోతుకు దిగిందో తోటమాలికి ఆ క్షణాన తెలిసివచ్చింది. ఇల్లు పోతే పోనీ, ఇక ఈ బరువు మోయలేననుకున్నాడు. కత్తి మొన బెరడుకు ఆనబోతుండగా రెండంగల్లో వెళ్ళి అడ్డంగా నిలిచాడు.

"కొయ్యకండయ్యా. ఇది అసలు చెట్టు కాదు. అసలుది నా చేతుల్లోనే పోయింది. ఇది గుట్టమీద దొరికిన పిచ్చిచెట్టు. తప్పంతా నాది. ఇల్లు రేపే ఖాళీ చేస్తాను."

అధికారిణి ముఖం పాలిపోయింది. మూలన భార్య నుదురు కొట్టుకుంది.

"పక్కకు జరుగు నాయనా," అన్నాడు శాస్త్రవేత్త నెమ్మదిగా.

గాటు పడింది. తోటమాలి తల తిప్పుకున్నాడు. అతనికి ముందుగా కబురందించినది కన్ను కాదు, ముక్కు. నిమ్మతొక్క నలిపినట్టు, దైవసన్నిధి తలుపులు ఓరగా తెరిచినట్టు, చల్లని సుగంధమొకటి గదినంతా ఆవరించింది. వెనుదిరిగి చూశాడు. గాటు అంచున ముత్యమంత పాలచుక్క నిలిచి ఉంది.

శాస్త్రవేత్త దాన్ని వేలికొనతో అద్ది, వాసన చూసి, తోటమాలి వైపు తిరిగాడు.

"ఎన్నో దేశాలు తిరిగాను," అన్నాడు. "చెట్టుకు కత్తి తగలకూడదని తన కూటికే ఎసరు పెట్టుకుని అబద్ధమాడినవాణ్ణి ఇవాళే చూశాను."

"అబద్ధం కాదయ్యా, నేను నిజంగానే..."

"ఇంక చాల్లే," అంది అధికారిణి. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "నీ మాట నమ్మి ఒక్క క్షణం నా గుండె ఆగిపోయింది. ఈ చెట్టు ఉన్నన్నాళ్ళూ పని నీదే, ఇల్లూ నీదే."

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక తోటమాలి తొట్టి అంచున చతికిలబడ్డాడు.

"ఏమే, ఇదేం మాయ? దేవుడేమైనా..."

"ఆయన్నెందుకు శ్రమపెడతావు?" అంది భార్య. "ఎండలకు ఆకు రాల్చి నిద్రపోతున్న చెట్టును చచ్చిందని పారేశావు. నేను తీసుకెళ్ళి నీళ్ళట్యాంకు వెనకాల పాతాను. వానలకు చిగురేసింది. నువ్వు మన పెద్దమ్మాయి పురిటికి ఊరెళ్ళినప్పుడు తెచ్చి మళ్ళీ ఇక్కడే పెట్టాను."

"మరి ఆ గుట్టచెట్టు?"

"ఊరినుంచి వచ్చినరోజు నీ స్నానానికి నీళ్ళు దేంతో కాచాననుకున్నావు?"

అతనికి నవ్వూ ఏడుపూ కలిసివచ్చాయి.

"ఇన్నాళ్ళూ లోపల కుమిలి చచ్చాను కదే. ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నా సొమ్మేం పోదు, చెట్టే పోయేది," అంది ఆమె చీపురు చంకన పెట్టుకుంటూ. "తప్పు చేశానని భయపడుతున్నన్నాళ్ళే కదయ్యా, నువ్వు దీన్ని సరిగ్గా చూసుకుంది."