పీపా నిండిన రోజు

ఉదయం ఎనిమిదింటికి పింగాణీ గొట్టం కింద పెట్టిన గాజుగ్లాసులో మొదటి చుక్క పడింది.

గ్లాసు అడుగు నిండగానే ఇంజనీరు ఉప్పు మీటరు అందులో ముంచింది. ముల్లు కదల్లేదు.

"అన్నయ్యా, ఉప్పు లేదు."

"మీటరు చచ్చిందేమో చూడు," అన్నాడు అన్న బట్టీ దగ్గర్నుంచి.

ఆమె మీటరును సముద్రపు నీళ్ల బకెట్లో ముంచింది. ముల్లు ఒక్క గెంతులో చివరికి పోయింది.

అన్న చేతిలో పట్టకారు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు.

గొట్టాన్ని కాల్చింది అన్న. పూత పట్టించింది చెల్లెలు. గొట్టం గోడ నిండా కంటికి ఆనని రంధ్రాలు. లోపల కాగిన సముద్రపు నీళ్లు పారతాయి. పూత నీటిని రంధ్రాల్లోకి దిగనివ్వదు, ఆవిరిని మాత్రం దాటనిస్తుంది. దాటిన ఆవిరి అవతలి చల్లటి రేకుకు తగిలి చుక్కవుతుంది. ఉప్పు లోపలే ఉండిపోతుంది.

ఇంతకు ముందు గొట్టాలన్నీ మధ్యాహ్నానికే చేతులెత్తేశాయి. పూత ఓడిపోయేది, రంధ్రాల్లోకి నీళ్లు దిగేవి, వాటి వెంట ఉప్పు.

ఈసారి సాయంత్రం దాకా నిలవాలి. నాలుగింటికి పరీక్షాధికారి వస్తాడు. గ్లాసులో ఉప్పు తగిలితే షెడ్డు ఖాళీ చేయాల్సిందే.

"సముద్రపు నీళ్ల ధార పెంచుదామా?" అన్నాడు అన్న.

"రెట్టింపు చెయ్యి. తేలిపోవాలి ఇవాళ."

వెనక గేటు దగ్గర డబ్బాల చప్పుడైంది.

షెడ్డు వెనక, గేటు లోపల ఒక పీపా ఉంది. గొట్టం దాటలేక మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లు అందులోకి పోతాయి. ఆ వైపు ఎవరూ చూడరు. అన్నాచెల్లెళ్ల చూపంతా గ్లాసు మీదే. రోజూ ఒక ముసలాయన సైకిలుకు డబ్బాలు కట్టుకుని వచ్చి పీపా ఖాళీ చేసి పోతాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఉప్పు చేసి అమ్ముకుంటాడని అన్నే తేల్చేశాడు. డబ్బాలాయన అని పేరు కూడా పెట్టాడు.

"ఏం బాబాయ్, మా ఉప్పుతో మేడ ఎంతవరకు లేచింది?" అన్నాడు అన్న.

"ఇంకా పునాదిలోనే ఉంది నాయనా." ముసలాయన పీపాలోకి వంగి చూశాడు. "ఇవాళ ధార లావుగా ఉందే."

"రెట్టింపు చేశాం."

"అయితే ఇవాళ నేను తిరుగుతూనే ఉండాలి."

ఇంజనీరు బయటికి వచ్చింది.

"వద్దు బాబాయ్. ఇవాళ గేటు తీసి మూస్తుంటే లోపలికి దుమ్ము. కాగే నీళ్లలో దుమ్ము పడితే మా బతుకు బస్టాండే. రేపు రా, ఎంత కావాలంటే అంత పట్టుకుపో."

"ఇవాళే రావాలి తల్లీ. కింద వీధిలో..."

"అమ్మాయ్, గ్లాసు నిండిపోతోంది," అని లోపల్నుంచి అన్న కేకేశాడు.

ఆమె ముసలాయన్ని బయటికి పంపి, గేటుకు తాళం వేసి లోపలికి పరుగెత్తింది.

గ్లాసు తీసి సీసా పెట్టారు. సీసా తీసి బిందె పెట్టారు. మధ్యాహ్నం దాటింది. ముల్లు కదల్లేదు. ఇద్దరికీ అన్నం సంగతే గుర్తు రాలేదు.

"మీటరు వంక అలా చూడకు, దిష్టి తగులుతుంది," అంది చెల్లెలు.

"నా దిష్టికి పడిపోయే పూతా నువ్వు పూసింది?"

నాలుగింటికి పరీక్షాధికారి వచ్చాడు. తన సొంత మీటరు తీసి ముంచాడు. తుడిచి మళ్లీ ముంచాడు. తర్వాత గ్లాసెడు నీళ్లు ముంచుకుని గటగటా తాగేశాడు.

అన్నాచెల్లెళ్లు ఆయన ముఖం వంక చూస్తూ నిలబడ్డారు.

"చప్పగా ఉన్నాయమ్మా," అన్నాడు. "ఇంత చప్పటి నీళ్లు నేనెక్కడా తాగలేదు. షెడ్డు మీదే."

అన్న చెల్లెల్ని ఎత్తి గిరగిరా తిప్పాడు.

"దించు అన్నయ్యా, బిందె తన్నేస్తాను."

దిగగానే ఆమె బిందె చంకనెత్తుకుంది. "కింద వీధిలో అందరికీ పోసి వస్తా. మొదటి గ్లాసు డబ్బాలాయనకే. పొద్దున పాపం కసిరాను."

వెనక గేటు తాళం తీసింది. కాళ్ల కింద నేల తడిగా ఉంది.

పీపా నిండి పొర్లుతోంది. పొర్లిన నీళ్లు కాలువ కట్టి వాలు మీదుగా కిందికి పోతున్నాయి. ఆమె ఆ కాలువ వెంటే దిగింది.

అది వీధి మొదట్లో ఉన్న బావి దగ్గర ఆగింది. ఆ వైపు గట్టు విరిగి ఉంది. నీళ్లు నేరుగా బావిలోకి దిగుతున్నాయి. చుట్టూ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు.

"వీధంతా తాగే బావి," అంది ఒకామె. "మధ్యాహ్నం నుంచి నోట పెట్టలేకపోతున్నాం."

ఇంజనీరు లోపలికి తొంగి చూసింది. అడుగున నడుములోతు నీళ్లలో నిలబడి డబ్బాలాయన తోడుతున్నాడు. పైన ఇద్దరు తాడు లాగుతున్నారు.

"ఆయన ఉప్పు అమ్ముకునే ఆయన కదండీ?"

"ఉప్పా? రోజూ ఆ డబ్బాలు తీసుకెళ్లి సముద్రంలో కుమ్మరించి వస్తాడు. మీ మీద ఫిర్యాదు చేద్దామని మేమంతా బయల్దేరితే అడ్డం పడ్డాడు. 'చెబితే వాళ్లు పని ఆపేస్తారు. అదేదో తేలేదాకా నేను మోస్తాను, మీరు నోరు మూసుకోండి' అన్నాడు."

ఇంజనీరు బిందె కింద పెట్టింది.

"ఎవరండీ ఆయన?"

"ఈ బావి తవ్విందే ఆయన," అంది ఆమె.