సవారీల లెక్క

"ముందల ముగ్గురు సవారీలే! ఇంకొకలు పడతరు!" అంటూ జీపు డ్రైవర్ బాబూరావు మద్దేడ్‌లో ఇంకో ప్రయాణికుడి కోసం మళ్లీ ఆపాడు.

ముందు సీట్లో రీనా తన తల్లి మంగి మీదికి ఒరిగింది. రీనాకు టూరిస్టుల ఓడల్లో గదులు సర్దే పని దొరికింది. రెండు ఓడల్లో ఏది కావాలో బీజాపూర్ చేరేలోగా పని ఇప్పించిన ఏజెంటుకు చెప్పాలి.

"పెద్ద ఓడల ఇద్దరు సవారీలకు ఒక పనిమనిషమ్మా. చిన్నదాంట్ల ముగ్గురికి ఒకలు," అంది రీనా ఫోన్‌లో చూస్తూ.

"అయితే పెద్దదాంట్లనే పని తక్కువ."

"జాగ గూడ దాంట్లనే ఎక్కువ. ఓడ జాగంత మనుషులకు పంచి లెక్క కట్టిండ్రు."

"ఇట్ల నలిగే బాధ లేదన్నట్టు. మరి నీ వంతుకెంత?"

రీనా వేలు ఫోన్ మీద పైకీ కిందికీ పరుగెత్తింది.

"సవారీలకే పంచిండ్రమ్మా. పనోళ్లు లెక్కల లేరు."

నాలుగో సవారీ ముందు సీట్లోకి ఎక్కగానే జీపు కదిలింది. బాబూరావు సగం సీటు మీద, సగం తలుపు బయట కూర్చుని స్టీరింగు తిప్పుతున్నాడు. రీనా అతని వైపే చూస్తుండగా ఫోన్ మోగింది.

"ఏ ఓడ తేల్చుకున్నవమ్మా?" అన్నాడు ఏజెంటు.

"చెప్త సార్. ముందు మీరు చెప్పుండ్రి, పనోళ్లు ఏడ పండుకుంటరు?"