మిషను మారితే

స్కానింగు డాక్టరుకి పొద్దున్నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. భోజనాల వేళ మంచం ఎక్కిన ఈ ఆఖరి కేసు చూశాక ఆ మంట నెత్తికెక్కింది.

తెర మీద బిడ్డ భేషుగ్గా ఆడుకుంటోంది. నాలుగో నెల. కాళ్లు తన్నుతోంది. గుప్పిట విప్పి మళ్లీ మూస్తోంది. చిటికెన గోరంత పాదానికి అయిదు వేళ్లూ ఉన్నాయి. కళ్లూ ఉన్నాయి. కళ్లకి పైన మాత్రం ఏమీ లేదు.

డాక్టరు చేతిలోని ప్రోబుని పొట్ట మీద అటు జరిపింది, ఇటు జరిపింది. ఎటునుంచి చూసినా అంతే. తల గుండ్రంగా కనబడాల్సిన చోట తెల్లగీత తెగిపోయి, చుట్టూ ఉన్న నల్లటి నీటిలో కలిసిపోయింది.

"గుండె కొట్టుకుంటోందిగా తల్లీ," అంది అత్తగారు.

ఆ గదిలోకి వెంట వచ్చినవాళ్లకి ప్రవేశం లేదు. డాక్టరు నోటికి జడిసి మొగుళ్లు కూడా బయట బెంచీల మీదే గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటారు. ఈవిడ మాత్రం భోజనం క్యారియరుతో సహా దర్జాగా లోపలికొచ్చి, గదిలో ఉన్న ఒకే ఒక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

గుండె కొట్టుకుంటే చాలుట. ఎవరి నోట విన్నా ఇదే పాట.

"గుండెకేం, కొట్టుకుంటూనే ఉంటుంది. పైన ఏం జరిగిందో దానికి తెలీదు," అంది డాక్టరు.

అత్తగారికి అర్థం కాలేదు. డాక్టరు తెర వైపు వేలు చూపిస్తూ, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. కడుపు పడిన నెల్లాళ్లలోపే బిడ్డ వీపు పొడుగునా గొట్టంలాంటిది ఒకటి మూసుకోవాలి. కింద మూసుకోకపోతే వెన్ను చెడుతుంది. పైన మూసుకోకపోతే మెదడూ, పుర్రే సరిగ్గా ఏర్పడవు. ఇక్కడ పైనే మూసుకోలేదు. దీనికి మందు లేదు, ఆపరేషనూ లేదు.

అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత అందరూ అడిగేదే అడిగింది. ఈ మిషను పాతదేమో, ఇంకోచోట చూపిస్తే ఎలా ఉంటుందని.

"మిషను మారితే బిడ్డ మారదు."

ఈ ప్రశ్నకి డాక్టరు ఎప్పుడూ ఇచ్చే జవాబే ఇది. నర్సులు ఆవిడ వెనకాల గొంతు మార్చి మరీ అనుకరిస్తారు. ఆ దెబ్బ తిని ఏడుస్తూ గడప దాటినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. ఇవాళా అదే అంది. అని, ఎన్నడూ లేనిది, చెయ్యి చాచి మిషను ఆపేసి మళ్లీ వేసింది. ఇంకోసారి చూసింది.

మిషనూ మారలేదు, బిడ్డా మారలేదు.

మాత్రలు మింగిందా అని అడగాల్సిన పనే లేదు. మింగలేదు. ఆ గొట్టం సరిగ్గా మూసుకోవడానికి కడుపు రాకముందే మొదలుపెట్టాల్సిన చిన్న ఫోలిక్ యాసిడ్ మాత్ర. పెళ్లిబట్టల కోసం నెలల తరబడి టైలరు గుమ్మం అరగదీస్తారు గానీ దీన్ని గుటుక్కున మింగడానికి తీరుబడి ఉండదు. పోనీ చదువు లేదా అంటే, గోడకి వేలాడదీసుకునేంత ఉంది. రేపట్నుంచి వేసుకుందాం, ఎల్లుండి నుంచి వేసుకుందాం. ఈలోగా కడుపు. పైగా బొటనవేలంత మేజోళ్లు కొని బీరువాలో దాచుకోవడం ఒకటి. మాత్రలు మింగినా ఒక్కోసారి ఇలా జరుగుతుందన్న మాట నిజమే. మింగనివాళ్లకి మాత్రం ఆ మాట చెప్పుకుని ఏడ్చే హక్కు లేదని డాక్టరు అభిప్రాయం. అదే పైకి అనేసింది.

"పోనీలేమ్మా. ఇప్పుడు తిట్టి ఏం లాభం," అంది అత్తగారు.

"తిట్టాలి. తిట్టకపోతే బుద్ధి రాదు."

డాక్టరు ఎప్పుడూ మంచం మీది మనిషి మొహం చూడదు. మొహాలు చూస్తే కొలతలు తప్పుతాయంటుంది. ఇవాళ కూడా తెరనే చూస్తోంది.

"వాడికి నేనేం చెప్పను తల్లీ," అంది అత్తగారు. కొడుకు నిన్ననే ఉయ్యాల ఎక్కడ వెయ్యాలో ఇల్లంతా తిరిగి చూసుకున్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పండి. నెలలు నిండి పుట్టినా, బతికేది గంటలే. మహా అయితే ఒకట్రెండు రోజులు. మొయ్యాలో ఆపెయ్యాలో తల్లి తేల్చుకోవాలి."

అత్తగారు కళ్లు తుడుచుకుని తెర వైపు వంగింది. బిడ్డ బొటనవేలు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఎంత ముద్దుగా ఉందో చూడు," అంది.

డాక్టరు నోట్లోంచి వెటకారం రావాల్సింది. రాలేదు. బిడ్డ వేలు తీసేసేదాకా చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి అత్తగారు, మరి రిపోర్టు మాటేమిటని అడిగింది.

"అది నేను రాయకూడదు. ఇంకో డాక్టరు చూసి రాయాలి."

ఆ మాట అని డాక్టరు తన పొట్ట మీంచి ప్రోబు తీసి పక్కన పెట్టి, అత్తగారు అందించిన చెయ్యి పట్టుకుని మంచం దిగింది.