తడిసిన టేపులు

ఆమె డ్రైవరు ఇంటి ముందు స్కూటర్ ఆపింది గానీ, లోపలికి వెళ్లకుండా దాని పక్కనే నిలబడింది. చేతిలో పళ్ల సంచి.

"అక్కడే నిలబడ్డావేం అమ్మాయీ? రా రా," అంటూ డ్రైవరే ఎదురొచ్చాడు. "ఏమేవ్, ఎవరొచ్చారో చూడు!"

ఉద్యోగం పోయి నెల కాలేదు, మనిషి సగమయ్యాడు.

కార్ల విడిభాగాలు చేసే ఆ పెద్ద కంపెనీలో ఆమె స్టోరేజీ ఇంజినీరు. వందలమంది గీసే డ్రాయింగులన్నీ ఆమె చూసుకునే చల్లటి గదిలో, ఒక మెషీన్‌లో ఉంటాయి. అది పాడైతే ఎలా? అందుకని రోజూ రాత్రి ఆనాటి పనంతా టేపుల మీదికి కాపీ అవుతుంది. వారం వారం ఆ టేపుల్ని పట్టుకెళ్లి ఊరవతలి గోదాములో దాచి రావడం డ్రైవరు పని.

పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు. "కంపెనీ మొత్తం నా వెనక సీట్లోనే. మేనేజరు గారితో సహా. ఎన్ని గతుకులొచ్చినా కిక్కురుమనరు," అని అందరినీ నవ్వించేవాడు.

ఆర్నెల్ల కిందట పాత మెషీన్ బదులు కొత్తది వచ్చింది. ఒక్క డ్రాయింగూ పోకుండా అన్నీ అందులోకి మార్చినందుకు అందరూ ఆమెను మెచ్చుకున్నారు. ఖాళీ చేసిన పాతది ఆ గదిలోనే ఓ మూల గుయ్యిమంటూ ఉండిపోయింది. రోజూ ఉదయం తెర మీద 'కాపీ పూర్తయింది' అని పచ్చ గుర్తు వచ్చేది. అది చూసుకుని ఆమె టీకి వెళ్లేది.

ఒక వానరోజు కొత్త మెషీన్ ఉన్నట్టుండి చచ్చింది. ఆర్నెల్ల పని అందులోనే ఉంది. మేనేజరు డ్రైవరును గోదాముకు పరుగెత్తించాడు. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని సెట్టింగులు ఒక్కొక్కటే తెరిచి చూసింది. కాసేపటికి లేచి వెళ్లి గుమ్మంలో నిలబడింది. అంత చల్లటి గదిలోంచి వచ్చిన మనిషికి నుదుటి నిండా చెమటలు.

డ్రైవరు ఒళ్లంతా బురదతో వచ్చాడు. వీధి నిండా నీళ్లు చేరి వ్యాను ఆగిపోతే, ఆర్నెల్ల టేపులున్న పెట్టెను నెత్తిన పెట్టుకుని నడిచాడట. కనిపించని గుంటలో కాలు పడింది. పెట్టెతో సహా మునిగాడు.

"ఎవరైనా స్పెషలిస్టులకు పంపుదామా?" అన్నాడు మేనేజరు.

"లాభం లేదు సార్," అంది ఆమె, పెట్టె తెరవకుండానే.

సాయంత్రానికి డ్రైవరును ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇప్పుడతను కుర్చీ ఆమెకు వేసి తను గుమ్మంలో కూర్చున్నాడు.

"మీ పిన్నితో రోజూ తిట్లే."

"తిట్టనా మరి? ఇన్నేళ్లలో ఒక్క గ్లాసు పగలగొట్టి ఎరగడు. పగలగొడితే ఏకంగా కంపెనీనే పగలగొట్టాడమ్మా," అంది అతని భార్య కళ్లు తుడుచుకుంటూ.

"నిద్ర పట్టట్లేదమ్మాయీ. అంతమంది కష్టాన్ని నా చేతుల్తో నేనే ముంచేశాను." గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. తడిసిన టేపుల్ని ఆరబెట్టి చదివేవాళ్లు ఉన్నారట. ఆ పెట్టె నాకిప్పించు, నేనే తీసుకెళ్తా. ఒక్క టేపు బతికినా మేనేజరు గారు నన్ను మళ్లీ రానిస్తారు."

ఆమె సంచి తాడు వేలికి చుట్టుకుంది.

"అవి లేవు బాబాయ్. ముక్కలు చేయించేశాను. నేనే."

"నువ్వే చేయించావంటే ఇక వాటిలో ఏమీ మిగల్లేదన్నమాటే." మెల్లగా తలూపాడు. "నీ కష్టమంతా నేను నీళ్లపాలు చేస్తే, నువ్వేమో నాకు పళ్లు తెచ్చావు. నన్ను క్షమించమ్మా."

జోడించిన ఆ చేతుల్ని ఆమె పట్టుకుని కిందికి దించింది. ఏదో చెప్పబోయింది. పిన్ని మంచినీళ్ల గ్లాసు అందించింది. గటగటా తాగేసింది.

ఆ వానరోజు డ్రైవరు పెట్టెను నెత్తిన పెట్టుకుని ఇంకా నీళ్లలో నడుస్తుండగానే, ఆర్నెల్లుగా తను టేపుల మీదికి కాపీ చేయిస్తున్నది మూలనున్న ఖాళీ మెషీన్‌నేనని ఆమె కనిపెట్టింది.