జారని మోకాలి ప్యాడ్

“అంటే ఎవడో దొంగిలించాడనేగా?” అన్నాడు సోఫా మిస్త్రీ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని.

“దొంగతనమని నేననలేదు,” అన్నాడు అవతలి నుంచి పేటెంట్ ఏజెంటు. “మీరు దరఖాస్తు పెట్టడానికి ఏడాదిన్నర ముందే మీ ప్యాడ్ ఫొటో ఎక్కడో అందరూ చూసేచోట వచ్చిందట. లోకానికి తెలిసిపోయినదానికి పేటెంట్ ఇవ్వరు. పేటెంట్ ఆఫీసువాళ్లు పంపిన ఆ కాగితాలు పదకొండింటికి నా చేతికొస్తాయి, రండి.”

అప్పటికి టైము తొమ్మిది. పదకొండు దాకా కాలు నిలవాలి కదా మిస్త్రీకి.

పగలు సోఫాలు కుట్టడం, సాయంత్రం వాలీబాల్ ఆడటం ఆయన దినచర్య. బంతి కోసం దూకిన ప్రతిసారీ మోకాలి ప్యాడ్ చీలమండ మీదికి జారేది. పైకి లాక్కునేలోగా అవతలివాళ్లు పాయింటు కొట్టేసేవారు. విసుగెత్తి, ఆదివారాలన్నీ ఇంట్లో మిషన్ ముందే కూర్చుని మోకాలి వెనక ఒక అడ్డపట్టీ కనిపెట్టాడు. కాలు మడిస్తే బిగుస్తుంది, చాపితే వదులవుతుంది. ఎంత గెంతినా ప్యాడ్ ఉన్నచోటే ఉంటుంది.

అది కుదిరిన రోజు, తొడుక్కుని భార్య ముందు పది గుంజీలు తీశాడు. ఆవిడ ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా చూసింది. పలకలేదు, ఉలకలేదు, లోపలికి వెళ్లిపోయింది. ఆ మౌనం ఆయనకి ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆ రోజే ఒట్టేసుకున్నాడు, పేటెంట్ కాగితం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాలని, అప్పుడైనా ‘బాగుంది’ అనిపించుకోవాలని. తీరా కుట్టు నచ్చక విప్పడం, మళ్లీ కుట్టడం, దరఖాస్తు పెట్టేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

“ఎవరండీ ఫోన్లో?” పక్క మిషన్ మీద దిండు గలీబులు కుడుతూ అడిగింది భార్య. ఎదురుగా ఫోను ఆనించి పెట్టుకుని, అందులో కొత్త కుట్లేవో చూస్తోంది.

“నా ప్యాడ్ గుట్టు ఎవడో బయటపెట్టాడు.”

“ఆ గుడ్డముక్క కోసమా ఈ హడావుడి? ముందు డాక్టరుగారి సోఫా సంగతి చూడండి. నిన్ననే ఇస్తానన్నారు.”

గుడ్డముక్క అనేసరికి ఆయన మొహం మాడిపోయింది. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటపడ్డాడు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని గొణుక్కుంటూ నేరుగా బామ్మర్ది కొట్టుకి వెళ్లాడు. బామ్మర్దిది ఆటసామాన్ల కొట్టు. ఇక వేరే అనుమానం ఎందుకు?

“నా ప్యాడ్ ఎవరికి చూపించావు?”

“నువ్వు నాకు చూపిస్తేగా బావా, నేనింకొకడికి చూపించడానికి? అడిగితే సంచీలో కుక్కేశావు. అక్కతో చెప్పుకున్నాను కూడా.”

అదీ నిజమే. అక్కణ్ణుంచి స్పాంజి కొట్టుకి వెళ్లాడు.

“మీరు స్పాంజి కొన్నారు, నేనమ్మాను. దేనికో కూడా నేనడగలేదు,” అన్నాడు కొట్టాయన, నొచ్చుకుంటూ.

చివరికి వాలీబాల్ జట్టు కెప్టెన్ తలుపు తట్టాడు. కెప్టెన్ నోట్లో బ్రష్షు తీసి మరీ నవ్వాడు. “ఎవడైనా చూస్తాడని నువ్వు దానిమీద ప్యాంటు వేసుకుని ఆడావు కదయ్యా. ఇక ఫొటో ఎవడు తీస్తాడు?”

ముగ్గురి దగ్గరా పరువు పోగొట్టుకుని, పది నిమిషాల ముందే ఏజెంటు ఆఫీసు మెట్లెక్కాడు. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. ఏజెంటు ఒక కాగితం ముందుకు తోశాడు.

ఫొటోలో మోకాలు. దానికి నీలం రంగు ప్యాడ్. ఎవరిదో సోఫాకి వాడగా మిగిలిన గుడ్డ అది. వెనక తన కుట్టుమిషన్ కాలు కూడా కనిపిస్తోంది.

“ఇది నా కాలే,” అన్నాడు మిస్త్రీ.

“అయితే మీ ఇంట్లో తీసిందే అన్నమాట. కుట్టుపని చేసేవాళ్లు కబుర్లు చెప్పుకునే వెబ్‌సైటట. నాలుగువందల మంది మెచ్చుకున్నారు కూడా. ఇక ఈ పేటెంట్ మీద ఆశ వదులుకోండి.”

“ఎవడు పెట్టాడో అది చెప్పండి. వాడి సంగతి తేలుస్తాను.”

“పేరు లేదు. కింద ఏదో రాసుంది, చూడండి.”

మిస్త్రీ కళ్లజోడు సర్దుకుని, ఆ చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

‘మా ఆయన చేశారు, చూసి నాకు నోట మాట రాలేదు.’