పన్నెండులోగా కదలాల

“ఎనక చక్రాల కింద గూడా నిమ్మకాయలు పెట్టక్కా. మంచి పని, ఏదీ తక్కువ కాకూడదు,” అన్నాడు బండి కొనడానికి వచ్చిన చంద్రశేఖర్ వాచీ చూసుకుంటూ. పదకొండుంబావు. బుధవారం. పన్నెండుకు రాహుకాలం.

మంజులత వంగి వెనక రెండు చక్రాల కిందా రెండు పెట్టింది. పొద్దున నరసప్ప పాలకు పోయి వచ్చేలోపే బండికి పసుపు, కుంకుమ, పూలదండ ముగించింది. ఇంట్లోంచి పోయేదాన్నయినా సింగారించి పంపాలంటుంది.

ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే నరసప్పకు యాభయ్యో ఏట పుట్టిన కోరిక ఆ కారు. బెంగళూరులో ఒక కాఫీతోట యజమాని షెడ్డులో ముసుగేసుకుని ఉండేది. ఇంగ్లాండు బండి. పొడుగు ముక్కు, రెండే తలుపులు, తోలు సీట్లు, స్టీరింగు ముందర నిగనిగలాడే చెక్క. దేశాలు దాటి పోయేవాళ్ళ కోసం తయారు చేశారని అమ్మినవాళ్ళు చెప్పారు. ఆరేళ్ళలో అది పెనుకొండ దాటింది రెండే సార్లు. మిగతా అన్నిసార్లూ అక్కడి కోట కనబడగానే పొగలు కక్కి నిలబడింది.

హిందూపురం నుంచి మెకానిక్ మౌలాలి వచ్చేదాకా మొగుడూపెళ్ళాలు రోడ్డు పక్కన కూర్చుని చిత్రాన్నం తినేవాళ్ళు. నరసప్ప బండి గొప్పలు చెప్పేవాడు, మంజులత బండిని తిట్టేది. మౌలాలి వచ్చి బానెట్ కింద తల దూరిస్తే టార్చి పట్టేదీ, తిట్లు కొనసాగించేదీ ఆమే.

తిట్లకు కొదవేముంది? ఊరికే నిలబెట్టినా నూనె కారేది. దాని కింద పెట్టడానికి ఆమె దోసెపిండి బేసిను పోయింది. చిన్న సామాను తెప్పించాలన్నా మూడు నెలలు. వచ్చాక చూస్తే అది వేరే బండిది.

“వయసొస్తే మొగోళ్ళు కాశీకి పోతారు. నువ్వు గారేజీకి పోతాండావు,” అనేది.

చివరికి నరసప్ప అమ్ముతానన్నాడు. హిందూపురంలో కొత్తగా కల్యాణమండపం కట్టిన చంద్రశేఖర్‌ను వెదికి పట్టుకున్నది మంజులతే. అయితే బండి ఎందుకన్నది నిన్న సాయంత్రం ఫోనులోగానీ తెలియలేదు.

“గేటు పక్కన దిమ్మె కట్టించినాన్నా. దానిమీద నిలబెడతా. పెండ్లికొడుకు, పెండ్లికూతురు ఫోటోలు దిగేదానికి.”

“మరి తోలేది?”

“తోలేదెందుకు? ఒకసారి మా ఊరికి వస్తే చాలు. ఇంజను పీకేసి ఆ జాగాలో రంగు లైట్లు పెట్టిస్తా.”

నరసప్ప ఫోను పెట్టేసి కంచం ముందర చాలాసేపు అన్నం కెలికాడు. మంజులత మాత్రం, “ఇచ్చిన మాట ఇచ్చినట్టే,” అంది.

ఇప్పుడు నరసప్ప తాళం తిప్పాడు. బండి గర్రుగర్రుమంది. లేవలేదు.

“ఇంగోసారి తిప్పన్నా.”

గర్రుగర్రు.

చంద్రశేఖర్ డ్రైవరు బానెట్ కిందికి ఒక చూపు చూసి తల గోక్కున్నాడు. “దీనికి కంప్యూటర్ యాడ తగిలిస్తారన్నా?”

“ఇది పుట్టినప్పుడు కంప్యూటర్ యాడుండిందప్పా!”

మంజులత నడుంమీద చేతులు పెట్టుకుంది. “నిన్న ఉరికిన బండి ఈ పొద్దు లేవనంటే ఎట్లయ్యా? నువ్వే ఏమన్నా చేసినావా?”

“నేనేం జేస్తానే,” అన్నాడు నరసప్ప, ఆమెను కాక చక్రాన్ని చూస్తూ.

అందరూ కలిసి వీధి చివరిదాకా తోశారు. నిమ్మకాయలు నలిగాయి, బండి దగ్గను కూడా లేదు. పన్నెండయింది.

చంద్రశేఖర్ చెమట తుడుచుకున్నాడు. “వద్దులేన్నా. పెండ్లిండ్లకు పెట్టే బండి. మంచి గడియలో కదలకపోయిందంటే నా మండపం మెట్లెవరు ఎక్కుతారు?”

“సాయంత్రం వచ్చి తోలుకపోరాదా?” అంది మంజులత.

“ఒకసారి మొరాయించిందాన్ని మళ్ళా పిలవకూడదక్కా,” అని అతను తన కారెక్కి వెళ్ళిపోయాడు.

బండిని వెనక్కి తోసి ఇంటి ముందర నిలబెట్టాక, “మళ్ళా నా నెత్తినే పడె!” అంటూ మంజులత వంటింట్లోకి నడిచింది.

ఫోను అందుకుని రెండింటికి మౌలాలి బస్సు దిగి వచ్చాడు. నరసప్ప అతన్ని బండి చాటుకు లాగాడు.

“గట్టిగా మాట్లాడొద్దు. పొద్దున ఆమె స్నానానికి పోయినప్పుడు బండి లేవకూడదని కాయిలు తీగ నేనే పీకి, ఊరికే ఆనించి పెట్టినా. బిగించెయ్.”

మౌలాలి పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఆరేండ్లకు పని నేర్చినావన్నా!” తీగ బిగించాడు. “తిప్పు.”

గర్రుగర్రు. అంతే.

మౌలాలి నవ్వు ఆపి, డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి లోపలికి చూశాడు.

“అన్నా, నువ్వు పీకింది తీగ ఒకటేనా?”

“కదిరి నరసింహస్వామి మీద ఒట్టు. అదొకటే.”

“మరి లోపల రోటరు లేదే! బొటనవేలంత ఉంటాది. దానంతట అది ఊడదు, మూత తీసి చేత్తో పీకాల్సిందే. అది లేకుంటే నువ్వు తీగ పీకినా ఒకటే, పీకకపోయినా ఒకటే. ఎవురు తీసినారబ్బా?”

కాఫీ గ్లాసులతో అప్పుడే వచ్చిన మంజులత, వాటిని బానెట్ మీద పెట్టింది. ఇద్దరూ ఆమెవైపు తిరిగారు.

ఆమె కొంగుముడి విప్పింది.