బాతుల జట్టుకు కొత్త గోల్‌కీపర్

అడవి అంచున ఉన్న మైదానంలో వెలగకాయతో ఫుట్‌బాల్ ఆడే బాతుల జట్టు ఆ ఏడాది ఒక్క ఆటా గెలవలేదు. మేకల చేతిలో ఓడింది, కుందేళ్ల చేతిలో ఓడింది, ఆఖరికి తాబేళ్ల చేతిలో కూడా ఓడింది. ఆ జట్టంటే ప్రాణం పెట్టే ఉడుత ఇక ఊరుకోలేకపోయింది.

"కెప్టెన్ మావా, జట్టును మార్చాల్సిందే! గోల్ దగ్గర కొండముచ్చును పెడదాం. నేను మాట్లాడి తీసుకొస్తాను" అంది.

"తీసుకురా. కానీ ఒకరొస్తే ఒకరు బయటికి పోవాలి. ఆ మాట నువ్వే చెప్పాలి మరి" అన్నాడు కెప్టెన్ బాతు.

కొండముచ్చు సంతోషంగా ఒప్పుకుంది. ఉడుత గంతులేస్తూ తిరిగొచ్చింది గానీ, గోల్ ముందు నిలబడ్డ ముసలి బాతమ్మను చూడగానే దాని గంతులు ఆగిపోయాయి. వానైనా ఎండైనా, నొప్పి రెక్కతోనే అన్ని ఆటలూ ఆడింది ఆమే.

"నన్ను తీసేశారని చెప్పడానికేగా వచ్చావు?" అంది బాతమ్మ.

ఉడుత తల దించుకుంది. "నీ మీద కోపం కాదు పిన్నీ. ఒక్కసారైనా మనం గెలవాలని..."

"ఆ ఆశ నాకు మాత్రం లేదా?" అంటూ బాతమ్మ కళ్లు తుడుచుకుని, గోల్ వదిలి వచ్చి ఉడుత పక్కనే కూర్చుంది.

ఆ సాయంత్రం ఆటలో కొండముచ్చు ఒక్క గోలూ పడనివ్వలేదు. బాతులు గెలవలేదు గానీ, ఓడిపోనూ లేదు. ఉడుత ఆనందంతో ఎగిరి గంతేసింది.

బాతమ్మ మాత్రం మెడ సాచి మైదానం అదిరేలా అరిచింది. "మరి గోల్ కొట్టేవాళ్లేరీ? ఉడుతమ్మా, పొద్దున్నే పోయి ఆ దుప్పిని అడుగు!"